పాస్‌వర్డులు బీరువాలో, పిల్లలు జెరాక్స్ షాపులో

సంపాదకుల వారికి,

డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు జెరాక్స్ షాపుల్లో తయారవుతున్నాయని పది రోజుల కిందట జిల్లా పేజీలో రాశారు. తప్పంతా పిల్లలదే అన్నట్టుంది ఆ వార్త. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టంటూ 180 గంటలు ఊళ్లు తిప్పుతున్నారు. అదే విషయం మీద ఇంతకుముందు ఎవరేం రాశారో ఎక్కడ వెతకాలో ఆ పిల్లలకి ఒక్కపూటైనా చూపించారా?

ఉద్దానం కిడ్నీ జబ్బే తీసుకోండి. గూగుల్‌లో కొడితే ముందొచ్చేవి వార్తలు, వీడియోలు. తెరవాల్సింది పబ్‌మెడ్, అంటే వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే వెబ్‌సైట్. దానికి పాస్‌వర్డు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. ఇంగ్లిషులో ఉద్దానాన్ని ఒకరు డీ పక్కన హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు. ఒక్క స్పెల్లింగుతో వెతికితే రెండోవాళ్ల వ్యాసాలు జారిపోతాయి. రెండు స్పెల్లింగులూ బ్రాకెట్లో పెట్టి, మధ్యన ‘ఆర్’ (OR) అని ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో వేయాలి. తర్వాత ‘యాండ్’ (AND) వేసి ఇంకో బ్రాకెట్లో జబ్బు పేరు. డాక్టర్లు కిడ్నీ అని ఊరుకోరు, రీనల్ అంటారు, నెఫ్రోపతీ అంటారు. అవీ ‘ఆర్’తో కలపాలి. ఎడమపక్క ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ దగ్గర టిక్కు పెడితే ఉచితంగా పూర్తిగా చదవగలిగేవే మిగుల్తాయి. పైనున్న సారాంశం ఒక్కటే చూసి అంకెలు ఎత్తి రాయకూడదు. ఒకరు ఒక్కసారి రక్తపరీక్ష చేసి లెక్క చెప్తారు, ఇంకొకరు మూడు నెలలాగి మళ్లీ చేసి చెప్తారు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే రిపోర్టంతా తప్పే. ఇది కూర్చోబెట్టి చెప్పడానికి గంట చాలు.

చరిత్ర, తెలుగు, అర్థశాస్త్రం పిల్లలకి శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉంది. పీహెచ్‌డీ గ్రంథాలు అధ్యాయాలవారీగా ఉంటాయి, తెలుగులో రాసినవీ ఉన్నాయి. చివర్లో ఉండే ఆధార గ్రంథాల పట్టిక ఫైలు ముందు తెరవమనండి. ఎక్కడ వెతకాలో సగం దారి అందులోనే దొరుకుతుంది. కథల మీద ప్రాజెక్టయితే తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం మన శ్రీకాకుళంలోనే ఉంది, వెబ్‌సైట్లోనూ వెతుక్కోవచ్చు. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన ఆ నిలయం గడప తొక్కకుండా తెలుగు ప్రాజెక్టు పూర్తయిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు చాట్‌బాట్ల బెడదొకటి. అవిచ్చే రిఫరెన్సులో పత్రిక పేరు, సంవత్సరం, పేజీలు అన్నీ ఉంటాయి, ఒక్కోసారి అసలు వ్యాసమే ఉండదు. డీఓఐ నంబరు, అంటే వ్యాసానికిచ్చే గుర్తింపు సంఖ్య, డీఓఐ సైట్లో (doi.org) కొట్టి చూడడం అర నిమిషం పని. దిద్దే మాస్టార్లయినా చూస్తున్నారా?

పరిశోధన పత్రికలు తెప్పించడానికి డబ్బు లేదని కాలేజీలనే మాట ఒప్పుకోను. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్ర సంస్థ 2010 నుంచి నడుపుతున్న ఎన్-లిస్ట్‌కి, అంటే కాలేజీలకి ఈ-పుస్తకాలు, పత్రికలు ఆన్‌లైన్లో అందించే పథకానికి, ఎయిడెడ్ కాలేజీ కట్టేది ఏడాదికి 5 వేలు, పైన జీఎస్టీ. ప్రభుత్వ సంస్థల కోసం కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 2025 నుంచి మూడేళ్లకు 6 వేల కోట్లు పెట్టింది, దాదాపు 13 వేల జర్నళ్లు (పరిశోధన పత్రికలు) చదవనివ్వడానికి. అయితే ఎన్-లిస్ట్ ఖాతాలు వాటంతటవి తెరుచుకోవు. పిల్లల పేర్లు, మెయిల్ ఐడీలు కాలేజీయే ఎక్కించాలి. మెయిల్‌లో ఒక్క అక్షరం తప్పినా పాస్‌వర్డు చేరదు, చేరినా స్పామ్‌లో పడి ఉంటుంది. కొత్త బ్యాచ్ వచ్చాక జాబితా మార్చకపోతే చదువైపోయిన వాళ్ల పేర్లే ఉంటాయి.

ఇవన్నీ చూడాల్సిన లైబ్రేరియన్ ఏడీ? మనిషి రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. తాళాలు ఎవరో లెక్చరర్‌కి అదనపు బాధ్యత. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తుందంటే డిజిటల్ లైబ్రరీ బోర్డు తుడుస్తారు, వెళ్లాక గది మూస్తారు. కాలేజీ ఫీజు మాత్రం ఏ ఏడూ ఆగదు.

మొదటి సెమిస్టర్లోనే ల్యాబులో రెండు పీరియడ్లు దీనికివ్వాలి. ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో, ఎన్ని వ్యాసాలొచ్చాయో, వాటిలో ఎన్ని చదివారో రిపోర్టులో ఒక పేజీ రాయించి దానికి మార్కులివ్వాలి. జెరాక్స్ షాపు వాడు ఆ పేజీ అమ్మలేడు. మీ విలేకరులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి కాలేజీకీ వెళ్లి, ఈ ఏడాది పిల్లల జాబితా ఎన్-లిస్ట్‌లో ఎక్కించారా లేదా అడిగి, కాలేజీ పేరుతో సహా అదే జిల్లా పేజీలో వేయండి.

– ఓ విశ్రాంత గ్రంథపాలకుడు, శ్రీకాకుళం