గేట్లు దించిన కబురూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా వానాకాలంలో మీ పత్రికలోనే కాదు, అన్ని పత్రికల్లోనూ ఒక ఫోటో తప్పకుండా వస్తుంది: నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన ఫోటో. దాని కింద 'పాలనురుగు' అనే మాట లేకుండా ఎవరూ రాయలేరేమో. ఆ వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి కార్లు, బైకులు బారులు తీరతాయి. పిల్లాపాపలతో 150 కిలోమీటర్లు వచ్చి చూస్తే, చాలాసార్లు గేట్లన్నీ మూసే ఉంటాయి. గేట్లు ఎత్తిన కబురు మొదటి పేజీలో ఉంటుంది. దించిన కబురు ఏ మూలనా కనపడదు.

చిత్రమేమిటంటే, ఆ దించిన కబురు కూడా మీరు అచ్చేస్తూనే ఉన్నారు, వానాకాలమంతా వేసే జలాశయాల పట్టికలో. నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో (వచ్చే నీరు), ఔట్‌ఫ్లో (పోయే నీరు) అనే నాలుగు అంకెలవి. వాటిని చదవడం వస్తే సాగర్ ప్రయాణం ఏ రోజు పెట్టుకోవాలో ఎవరినీ అడగక్కర్లేదు.

సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312.04 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి, ఒక్కోటి 44 అడుగుల ఎత్తు. అంటే గేట్ల అడుగు 546 అడుగుల మట్టం దగ్గర ఉంటుంది. నీరు ఆ మట్టం దాటగానే గేట్లకు తగులుతుంది గానీ, తగిలిందని ఎత్తరు. పంటలకూ తాగడానికీ దాచుకోవాల్సిన నీళ్లవి. మామూలుగా మట్టం నిండుకు దగ్గరపడి, ఎగువ నుంచి వరద తగ్గకుండా వస్తుంటేనే గేట్ల మాట వస్తుంది.

ఇక్కడ రెండు లెక్కలు గుర్తుంటే చాలు. సాగర్ నిండబోయే దశలో ఒక అడుగు పెరగాలంటే సుమారు 3 టీఎంసీలు కావాలి. లక్ష క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) ప్రవాహం ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. శుక్రవారం పేపర్లో మట్టం 585 అడుగులుండి, ఇన్‌ఫ్లో ఔట్‌ఫ్లో కన్నా లక్ష క్యూసెక్కులు ఎక్కువుంటే, నిండడానికి కావాల్సిన పద్నాలుగు పదిహేను టీఎంసీలు రెండు రోజుల్లోపే చేరతాయి. ఆదివారానికి బయల్దేరవచ్చు. అదే తేడా 20 వేలే ఉంటే వారం దాటుతుంది. ఆ ఆదివారం ఇంట్లో ఉండటం మేలు.

పక్కనే శ్రీశైలం వరస కూడా చూడాలి. అక్కడ పూర్తి మట్టం 885 అడుగులు, గేట్లు 12. శ్రీశైలం గేట్లు తెరవకుండా రెండు విద్యుత్ కేంద్రాల నుంచి మాత్రమే నీళ్లు వదులుతుంటే సాగర్‌కు వచ్చేది 60 వేల క్యూసెక్కుల పైచిలుకు. దాంతో సాగర్ మెల్లగా నిండుతుందే తప్ప గేట్లు జోరుగా లేవవు.

అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఔట్‌ఫ్లో. గేట్లు మూసి ఉన్నా సాగర్ నుంచి నీరు పోతూనే ఉంటుంది. ప్రధాన విద్యుత్ కేంద్రం నుంచి 28, 29 వేల క్యూసెక్కుల దాకా పోతుంది. కుడి, ఎడమ కాలువలు ఒక్కోటి 11 వేల క్యూసెక్కులకు కట్టినవే అయినా, అంత నిండుగా పారే రోజులు తక్కువ. ఎస్‌ఎల్‌బీసీకి (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) ఇంకో రెండు వేల వరకు వెళ్తుంది. కాబట్టి మొత్తం ఔట్‌ఫ్లో 50 వేల లోపుంటే గేట్లన్నీ దించినట్టే అనుకోవాలి. ఒక్కో గేటు 5 అడుగులు ఎత్తితే సుమారు 8 వేల క్యూసెక్కులు దూకుతాయి. ఔట్‌ఫ్లో 60 వేలుందంటే లేచినవి ఒకటో రెండో గేట్లు. రెండు ధారలు చూడటానికి అంత దూరం రావాలా అన్నది ఎవరిష్టం వారిది. లక్షన్నర దాటితేనే ఫోటోలోని దృశ్యం కంటికి కనిపిస్తుంది.

'ఆగస్టులో వెళ్తే గేట్లు ఎత్తే ఉంటారు' అనే మాట నమ్మదగింది కాదు. 2024లో ఆగస్టు 5న ఎత్తారు, 2025లో జూలై 29నే ఎత్తారు, 2023లో ఎత్తే అవసరమే రాలేదు. అంతా పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసే వానను బట్టి ఉంటుంది.

పట్టికలో ఒక లోపం మాత్రం ఉంది. ఆ అంకెలు ఏ గంటవో చెప్పరు. ముందు రోజు సాయంత్రం అంకె పొద్దున అచ్చవుతుంది, పాఠకుడు మధ్యాహ్నానికి సాగర్ చేరతాడు. ఈలోపు రాత్రి వరద తగ్గితే గేట్లు ఒక్కోటీ దించేస్తూ వస్తారు. పక్కన 'సాయంత్రం 6 గంటలకు' అని వేస్తే ఎంత పాత కబురో చదివేవాడే తేల్చుకుంటాడు.

గేట్ల కోసమే వచ్చేవాళ్లకు ఇంకో మాట. ఆనకట్ట మీదికి పోనివ్వరు. ఎదురుగా చూసేది దిగువన ఉన్న వంతెన మీద నుంచి. అదే వంతెన మాచర్ల వైపు వెళ్లే బస్సులకూ లారీలకూ దారి. గేట్లు ఎత్తిన ఆదివారం పదకొండు దాటితే వంతెన మీద బండి కదలదు. అక్కడే ఆపి సెల్ఫీలు దిగేవాళ్ల వల్ల వెనక కిలోమీటర్ల కొద్దీ ఆగుతాయి. ఎల్బీ నగర్ నుంచి తెల్లవారి 5 గంటలకు బయల్దేరితే ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా ఎనిమిదిన్నరకల్లా చేరవచ్చు. ముందు గేట్లు చూసుకుని, తర్వాతే కుడిగట్టుకు వెళ్లాలి. బస్సు మీద వచ్చేవాళ్లు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో మాచర్ల బస్సు ఎక్కినా సాగర్‌లో దిగవచ్చు. సాయంత్రం తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోవాలి.

గేట్లు మూసి ఉన్న రోజు సాగర్‌లో చూడటానికేముంది అంటారు. నాగార్జునకొండ ఉంది. జలాశయంలో మునిగే లోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలను కొండ మీదికీ, కుడిగట్టున ఉన్న అనుపుకూ తరలించారు. కొండ ఇప్పుడు దీవి, మీద మ్యూజియం ఉంది. శుక్రవారం దానికి సెలవు. లాంచీ దిగి తాళం చూసి వెనక్కొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ నుంచి లాంచీలో సుమారు గంట ప్రయాణం. తగినంత మంది పోగైతేనే కదులుతుంది కాబట్టి మామూలు రోజుల్లో ఉదయం తొలి లాంచీకే ప్రయత్నించడం మంచిది. మధ్యాహ్నం దాటాక వచ్చి టికెట్ దొరకలేదంటే తప్పు కౌంటర్ వారిది కాదు. గాలి లేచినా, వరద ఉధృతంగా ఉన్నా లాంచీలు ఆపే వీలుంది. అంటే గేట్లు, లాంచీ రెండూ ఒకే రోజు దొరుకుతాయని లెక్క వేసుకోకూడదు. వరద రోజు గేట్లకు, చలికాలం రోజు కొండకు అనుకుంటే సరిపోతుంది.

లాంచీలో లైఫ్ జాకెట్ ఒడిలో పెట్టుకుని కూర్చోవడం మనవాళ్లకు అలవాటు. బకిల్స్ అన్నీ బిగించకపోతే నీళ్లలో పడగానే అది తల మీదుగా పైకి జారిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే జారడం ఇంకా తేలిక. చిన్న సైజు అడిగి తీసుకోవాలి. కొండ కనపడగానే అందరూ ఫోటోకు ఒకే పక్కకు పోవద్దు, లాంచీ ఒరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన ఘోరం తర్వాత కూడా ఈ మాటలు చెప్పాల్సి రావడం బాధే.

కుడిగట్టునే మాచర్ల దారిలో పదకొండు కిలోమీటర్లు పోతే ఎత్తిపోతల. దీనికీ కృష్ణ వరదకూ సంబంధం లేదు. ఇది చంద్రవంక వాగు, 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. మాచర్ల వైపు వాన పడితే జోరు, ఎర్రటి నీళ్లు. లేకుంటే సన్నని ధార. ఎదుటి గట్టు నుంచి చూసి రావడమే, మడుగులోకి దిగకూడదు. అక్కడ మొసళ్ల పెంపకం కేంద్రం ఉందన్న సంగతి చాలామంది తిరిగొచ్చాక తెలుసుకుంటారు. అనుపులో నీడ తక్కువ, మిట్టమధ్యాహ్నం వద్దు. ఎడమగట్టున 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు, దానికి సగం పూట కావాలి. ఒక్క రోజులో ఇవన్నీ తిప్పుతామనే ప్యాకేజీల వాళ్లు చూపించేది ఎక్కువగా పార్కింగ్ స్థలాలే.

వేయించిన చేప గురించి అడుగుతారు కనుక: నూనెలో వేయకముందే తూకం, ధర తేల్చుకోవాలి. వేశాక బేరం ఉండదు.

అసలు భయం మాత్రం గేట్లు మూసి ఉన్న రోజున. 'గేట్లు దించేశారు కదా, నీళ్లు రావు' అనుకుని దిగువన నది మధ్య రాళ్ల మీదికి వెళ్తారు. విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి ఎప్పుడు ఏది నడిపిస్తారో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు. ఒక్క యూనిట్ నడిస్తేనే మూడు వేల క్యూసెక్కులకు పైగా దిగువకు వస్తుంది. పెద్ద చప్పుడేమీ ఉండదు, రాయి చుట్టూ నీళ్లు లేస్తాయి, ఒడ్డుకు దారి ముందు మునుగుతుంది. నిలబడ్డ రాయి చివర మునుగుతుంది. ఒడ్డున రాళ్ల మీద తడిగీత పొడిగీతను బట్టి నీరు ఎంతవరకు లేస్తుందో తెలుస్తుంది. ఆ గీతకు కింద కూర్చోకూడదు. ఘాట్ల మెట్ల మీద నీటిలో ఉన్నవాటికి పాచి పడుతుంది, చివరి మెట్టు తర్వాత ఎంత లోతో పైనుంచి కనపడదు.

కాలువలు ఇంకా ప్రమాదం. చూడటానికి నదికన్నా నిమ్మళంగా ఉంటాయి. కానీ రెండు వైపులా ఏటవాలు సిమెంటు లైనింగ్, దాని మీద పాచి. చేతులు కడుక్కోవడానికి వంగినవాడు జారితే పట్టుకోవడానికి ఒక గడ్డిపోచ ఉండదు. ఈత వచ్చినవాడు కూడా ఒడ్డు చేరతాడు గానీ ఎక్కలేడు. ఎక్కబోయి అలిసిపోతాడు. అతని కోసం దిగిన రెండోవాడికీ అదే గతి. పేపర్లో 'ఒకరిని కాపాడబోయి మరొకరు' అని వచ్చే వార్తల వెనక జరిగేది ఇదే. గట్టు మీద ఉన్నవాళ్లు దిగకుండా బోర్లా పడుకుని చీరో తువ్వాలో అందించాలి. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాను విసిరినా మనిషి తేలడానికి ఆసరా అవుతుంది. ప్రవాహం వెంట గట్టు మీద పరుగెత్తుతూ ముందున్న మెట్ల వైపు వెళ్లమని కేకవేయాలి. బండిలో ఇరవై మీటర్ల నైలాన్ తాడు ఉంటే ఇంకా మంచిది.

ఇక మీతో మా మనవి. జూలై నుంచి అక్టోబరు దాకా శనివారం సంచికలోనైనా సాగర్ వరస పక్కన మూడు విషయాలు చేర్చండి: ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తారు, అది ఏ గంటకు తీసుకున్న లెక్క, నాగార్జునకొండకు లాంచీలు నడుస్తున్నాయా లేదా. గేట్లు దించిన రోజు రెండు లైన్ల వార్త వేయండి, ఫోటో లేకపోయినా పర్వాలేదు. అలాగే, పాత ఫోటో వేసినప్పుడు కింద అది ఏ ఏడాదిదో రాయండి. అన్ని గేట్లూ లేచిన పాత ఫోటో చూసి బయల్దేరినవాళ్లు వంతెన మీద నిలబడి, ఆ ఫోటోనే ఫోన్లో తీసి ఎదుటి గోడతో పోల్చుకుంటున్నారు.

ఇట్లు,
జలాశయాల పట్టికను రోజూ చదివే పాఠకులు,
నల్గొండ జిల్లా