ల్యాబ్ తాళం మళ్ళీ తీశాం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలోనే తొమ్మిదో తరగతి ప్రయోగాల పీరియడులో ఒక అమ్మాయి చున్నీ అంచుకు నిప్పంటుకుంది. పక్కనే ఉన్న సైన్సు టీచరు చున్నీ లాగి కింద పడేసి తొక్కి ఆర్పేశారు. జానెడు గుడ్డ కాలింది, అమ్మాయికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే నేను ల్యాబ్‌కు తాళం వేయించాను. మూడు వారాల తరువాత, మొన్న సోమవారం తీయించాను. తాళం ఎందుకు వేశారని ఒక్కరూ అడగలేదు. ఎందుకు తీశారని మాత్రం ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందుకే ఈ నెల ఉత్తరం మొత్తం ల్యాబ్ గురించే రాస్తున్నాను. పదో తరగతి ప్రీఫైనల్ తేదీలు, బస్సు వేళలు చివరి పేజీలో ఉన్నాయి.

ముందుగా ఒక మాట. ఆ రోజు తప్పు పిల్లది కాదు, మాది. స్పిరిట్ దీపం మంట లేత నీలంగా ఉంటుంది. ఎండ పడే చోట అది కంటికి ఆనదు. మా బల్ల సరిగ్గా దక్షిణపు కిటికీ కింద ఉండేది. దీపం వెలుగుతోందని తెలియక ఆ అమ్మాయి అవతల ఉన్న స్టాండు అందుకోబోయింది. పైగా తరగతి మొత్తం ఒకే బల్ల చుట్టూ మూగి ఉంది. వెనక వరుసలో వాళ్ళకు కనబడక ముందు వాళ్ళ భుజాల మీదికి ఒరుగుతున్నారు. చున్నీ పాలియెస్టరుది. నూలు గుడ్డ కాలితే బూడిదవుతుంది, పాలియెస్టరు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. టీచరు రెండు అడుగుల దూరంలో ఉండబట్టి గట్టెక్కాం. ఆమె ఆ క్షణంలో నల్లబల్ల వైపు తిరిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ నేను రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఇప్పుడు బల్లలు గది మధ్యకు వచ్చాయి, కిటికీకి తెర వచ్చింది. తరగతిని మూడు జట్లు చేశాం. ఒక జట్టు ల్యాబ్‌లో ఉంటే మిగతా రెండూ తరగతి గదిలో మరో టీచరు దగ్గర ఉంటాయి. దీనివల్ల టైంటేబులు తలకిందులైంది, స్టాఫ్ రూములో కొంత గొణుగుడూ వినబడింది. అయినా సరే. చున్నీ నడుముకు బిగించి కట్టాలి, జడలు వెనక్కి ముడి వేయాలి, కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. దీపంలో స్పిరిట్ నింపేది టీచరే. అదీ పిల్లలు గదిలోకి రాకముందు, దీపం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. వెలుగుతున్న దీపంలో గానీ, ఇంకా వేడిగా ఉన్న దీపంలో గానీ స్పిరిట్ పోస్తే పైకి లేచే ఆవిరి అంటుకుంటుంది. మంట ఆ ఆవిరి వెంట చేతిలోని సీసా దాకా పాకుతుంది. బడి ల్యాబుల్లో పిల్లలు తీవ్రంగా గాయపడే ప్రమాదాల్లో ఇదొకటి. ఆర్పడానికి నోటితో ఊదకూడదు, మూత పెట్టాలి. తలుపు పక్కన ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు, ఒక మందపాటి ఉన్ని దుప్పటి ఉంచాం.

"అన్నీ వీడియోల్లో ఉన్నాయి కదా మేడమ్, తెర మీద చూపించేస్తే సరిపోదా?" అని చాలామంది అడిగారు. కోపంతో కాదు, భయంతోనే అడిగారు. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని, ఆ భయం నాకు తెలుసు. కానీ ఒక సంగతి చెబుతాను, మీరే ఆలోచించండి.

గాఢ ఆమ్లాన్ని పలచన చేయాలంటే ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. పదో తరగతిలో ఇది తెలియని వాళ్ళు లేరు, పరీక్షలో అడిగే ప్రశ్న మరి. కారణం కూడా చెప్పేస్తారు: గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటి కంటే 1.84 రెట్లు బరువు, నీటితో కలిసినప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది, పైన పోసిన కాసిని నీళ్ళు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతాయి. నిరుడు ఈ జవాబు తడుముకోకుండా చెప్పిన ఒక అబ్బాయి చేతికి రెండు బీకర్లు ఇచ్చి చేసి చూపించమన్నాను. ఒకదాని మీద "ఆమ్లం" అని, రెండో దాని మీద "నీరు" అని కాగితాలు అంటించాం. రెండింటిలోనూ ఉన్నవి కుళాయి నీళ్ళే. అతను నీటి బీకరు ఎత్తి నేరుగా ఆమ్లం బీకరులోకి వంచాడు. నోటికి వచ్చిన పాఠం చేతికి రాలేదు. అప్పటి నుంచి అసలు ఆమ్లం ముట్టుకునే ముందు ప్రతి పిల్లా, పిల్లవాడూ కుళాయి నీళ్ళతో ఆ పని చేసి చూపిస్తున్నారు. మన పిల్లల్లో కొందరు రేపు హైదరాబాదు చుట్టుపక్కలో, విశాఖ దగ్గరో మందుల కంపెనీల్లో పని చేస్తారు. అక్కడ బీకర్లు ఉండవు, డ్రమ్ములు ఉంటాయి. చేతికి జాగ్రత్త నేర్పాల్సిన చోటు బడే. వేడి గాజు, చల్లని గాజు చూడటానికి ఒక్కలాగే ఉంటాయన్న సంగతి ఏ తెర మీదా తెలిసిరాదు.

వీడియోలతో నాకున్న అసలు పేచీ వేరే ఉంది. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి నిలబెట్టి, పైన గాజు గ్లాసు బోర్లించే ప్రయోగం మీరంతా చిన్నప్పుడు చూసే ఉంటారు. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. "గాలిలో దాదాపు ఐదో వంతు ఆక్సిజన్. మంట దాన్ని వాడేసుకుంది, ఆ ఖాళీలోకి నీరు వచ్చింది" అని నాకు మా మాస్టారు చెప్పారు, నేను ఇరవై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. రెండేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "టీచర్, ఆక్సిజన్ ఖర్చయ్యేది మంట వెలుగుతున్నప్పుడు కదా. మరి నీళ్ళు మంట ఆరిపోయాక ఎందుకు ఎక్కాయి?"

నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ చేసి చూశాం. నిజమే, మంట ఉన్నంతసేపూ నీరు పెద్దగా కదలలేదు, ఆరిన వెంటనే గబగబా ఎక్కింది. ఇంకో అమ్మాయి గ్లాసు అంచు కింద నుంచి బుడగలు బయటికి పోతున్నాయని చూపించింది. మూడు కొవ్వొత్తులు పెడదామని ఎవరో అన్నారు, పెట్టాం. అదే గ్లాసు, అదే గాలి, నీరు మాత్రం అంతకు ముందుకన్నా ఎత్తుకు ఎక్కింది. ఆక్సిజన్ లెక్కే నిజమైతే ఒక కొవ్వొత్తికైనా మూడింటికైనా అంతే ఎక్కాలి కదా. అసలు జరిగేది ఇది. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ అయితే పూర్తిగా ఖర్చు కానే కాదు. అది 21 శాతం నుంచి 16 శాతం దాపులకు తగ్గేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఖర్చయిన దాని స్థానంలో కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి.

ఇరవై ఏళ్ళ బ్యాచులకు క్షమాపణ ఉత్తరాలు రాయాలంటే నా వల్ల కాదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు మన బడి పిల్లల తల్లిదండ్రులే, ఇది చదువుతూ ఉంటారు, మన్నించండి. వీడియో అయితే నీళ్ళు ఎక్కగానే ఆగిపోతుంది. ఇంకో రెండు కొవ్వొత్తులు పెట్టి చూపించమని తెరను అడగలేం.

ఆ తరువాతే మా పద్ధతి మారింది. ప్రయోగానికి ముందు ఏం జరుగుతుందో పిల్లలు నోటుపుస్తకంలో పెన్నుతో రాస్తారు, తరువాత చూసింది రాస్తారు. ఊహ తప్పైతే దాని పక్కన ఎర్ర సిరా పడదు, మార్కులు పోవు. మీ పాప పుస్తకంలో తప్పు వాక్యాలు అలాగే కనిపిస్తే టీచరు దిద్దలేదని కంగారు పడకండి. దయచేసి మీరు కొట్టేసి సరైన జవాబు రాయించకండి. కిందటి నెల ఒక తాతగారు పాపం రాత్రంతా కూర్చుని అలాగే శుభ్రంగా దిద్ది పంపారు.

రసాయనాలు కూడా బాగా తగ్గించాం. వాడేసిన మాత్రల పట్టీలు ఉంటాయి కదా, ఆ ప్లాస్టిక్ గుంటల్లో ఒక్కోదానిలో ఐదారు చుక్కలు వేస్తే చాలు, చాలా రంగు మార్పులు స్పష్టంగా కనబడతాయి. పరీక్షనాళిక పగలడం, చిమ్మడం అన్న బెడద లేదు. కుంకుమ రంగు, దిష్టి తీసే ఎర్రనీళ్ళ రంగు ఎక్కడి నుంచి వస్తాయో ఆరో తరగతి వాళ్ళు ఈ పట్టీల్లోనే కనిపెట్టారు. పసుపు నీళ్ళలో సున్నం చుక్క పడితే ఎరుపు, ఆపైన నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. మందార రేకులు నానబెట్టిన వేడినీళ్ళు నిమ్మరసంతో గులాబీ రంగుకు, సున్నపు తేటతో ఆకుపచ్చకు తిరుగుతాయి. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా మారే ప్రయోగం కూడా ఉంది. ఊదమంటే పీల్చేవాడు ప్రతి తరగతిలో ఒకడు ఉంటాడు, అందుకని గొట్టం పైభాగంలో సూదితో చిన్న రంధ్రం చేస్తున్నాం. పీల్చినా గాలే వస్తుంది. ఖాళీ మాత్రల పట్టీలు ఇంట్లో ఉంటే కడిగి పంపండి. మాత్రలు ఒక్కటి కూడా మిగలకుండా చూసి పంపండి.

కొన్నింటిని పూర్తిగా మానేశాం. వైజ్ఞానిక ప్రదర్శనల్లో నారింజ రంగు పొడి అంటించి చూపించే అగ్నిపర్వతం అందులో ఒకటి. ఆ పొడి అమ్మోనియం డైక్రోమేట్. నిప్పురవ్వలతో, ఉబికి వచ్చే ఆకుపచ్చ బూడిదతో చాలా అందంగా ఉంటుందని నేనే ఎన్నోసార్లు చేయించాను. కానీ అందులోని క్రోమియం కాన్సరు కలిగించే రకం. మండకుండా మిగిలిన పొడి ఆ బూడిదతో పాటు గాలిలోకి లేచి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అగ్నిపర్వతం కావాలంటే వంటసోడా, వెనిగర్ ఉన్నాయి. అంత ఆర్భాటంగా ఉండదు, అంతే. పాదరసపు థర్మామీటర్లు కూడా తీసేసి రంగు స్పిరిట్‌వి తెచ్చాం. మీ ఇంట్లో పాతది పగిలితే పాదరసాన్ని చీపురుతో ఊడ్చకండి, చిన్న చిన్న బొట్లుగా విడిపోయి ఇల్లంతా చేరుతుంది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టి కాగితం అంచుతో బొట్లను దగ్గరికి చేర్చి మూత ఉన్న సీసాలోకి తీయండి.

ఇంటి దగ్గర మీ సాయం కావాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోనులో చూసిన ప్రయోగాలు పిల్లలు స్నానాలగదిలో చేస్తున్నారని నాకు వాళ్ళ మాటల్లోనే తెలుస్తోంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ద్రవాన్ని, బ్లీచింగ్‌ను కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు వేసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టకండి, ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచకండి. దీపావళికి పేలని టపాకాయల మందు దాచుకునే అలవాటున్న అబ్బాయిల సంచులు ఒకసారి వెదకండి. ఎక్కడైనా కాలితే టూత్‌పేస్టు, సిరా, వెన్న పూయకుండా ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద పెట్టండి. కంట్లో ఏదైనా పడినా ఇదే పద్ధతి, రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు నీళ్ళు పోయండి, ఆ తరువాతే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ప్రయోగాల రోజున నూలు చున్నీ, కాలి వేళ్ళు కప్పే బూట్లు వేసి పంపండి. ఆస్తమా, అలర్జీ ఉంటే తరగతి టీచరుకు కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రదర్శన కోసం బజారులో థర్మోకోల్ నమూనాలు కొని పంపకండి. అవి ఎక్కడ ఎంతకు దొరుకుతాయో మా అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం, 1928లో సీ.వీ. రామన్ "రామన్ ఎఫెక్ట్"ను కనుగొన్న రోజు. ఆ రోజు ఉదయం 10 నుంచి 1 వరకు ల్యాబ్ మీకోసం తెరిచి ఉంటుంది. ప్రయోగాలు మీరు చేస్తారు, పిల్లలు పక్కన నిలబడి మిమ్మల్ని హెచ్చరిస్తూ ఉంటారు. చీర కొంగులు నడుముకు దోపుకోవాలి, అద్దాలు పెట్టుకోవాలి, టీ కప్పులు బయటే వదిలేయాలి. మొదటి బల్ల మీద ఒక పళ్ళెం, గ్లాసు, మూడు కొవ్వొత్తులు ఉంటాయి. ఈసారి కొవ్వొత్తులు మూడూ ఒకే ఎత్తువి కావు, ఏది ముందు ఆరుతుందో మీరు చెప్పాలి. గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెడతాం. మీ ఊహ అందులో పెన్నుతో రాసి, సంతకం చేసి లోపలికి రండి. కొట్టివేతలు ఒప్పుకోం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు