తుపాను రోజున కూడా పనిచేసే నెట్‌వర్క్ విశాఖకి కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లెవరికీ ఆ తేదీ మళ్లీ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి, వాటితోపాటే సెల్ సిగ్నలూ పోయింది. నేను ఎంవీపీ కాలనీలో, అమ్మ గాజువాకలో. ఆవిడ ఎలా ఉందో నాకు తెలిసేసరికి మూడు రోజులు పట్టింది, అదీ రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ బండి మీద వెళ్లి కళ్లారా చూస్తేనే.

ఆ తర్వాత 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో మన ఊరి పేరు వచ్చింది. కెమెరాలు పెట్టారు, వాటిని చూసే కంట్రోల్ రూమ్ పెట్టారు. సంతోషమే. మళ్లీ అలాంటి తుపాను వస్తే ఆ కెమెరా నుంచి ఆ రూమ్‌కి బొమ్మ వెళ్తుందా అన్నది నా ప్రశ్న.

అంతెందుకు, ఇక్కడ నేవీ డే విన్యాసాలు జరిగే సాయంత్రం బీచ్ రోడ్డులో ఫోన్ తీసి చూడండి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు, ఎందుకంటే అక్కడున్న జనమంతా ఆ నాలుగు టవర్ల మీదే పడతారు. అంబులెన్సూ, పోలీసు కెమెరా కూడా ఆ టవర్ల మీదే ఆధారపడితే వీడియోలు పంపుకునే మనందరితో అవి పోటీ పడాలి.

పోలీసుల చేతిలో వైర్‌లెస్ సెట్ ఉండేది ఇందుకే కదా. మన నగరానికి నేను అడిగే ప్రైవేట్ 5జీ నెట్‌వర్క్ కూడా అలాంటిదే, కాకపోతే పెద్దది. దాని సిమ్ములు వేరు, స్పెక్ట్రం (అది వాడే రేడియో తరంగాల వాటా) వేరు, మామూలు ఫోన్లు అందులోకి రావు. పేరులో ప్రైవేట్ అని ఉంది కాబట్టి ఎవరికో రాసిచ్చేయడం అనుకోవద్దు, సొంత అవసరానికి పెట్టుకునేది అని అర్థం. ఇలాంటి నెట్‌వర్కులకి టెలికాం శాఖ 2022 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, టెలికాం కంపెనీల నుంచి స్పెక్ట్రం లీజుకి తీసుకునే దారి అందులో ఉంది. మన నగరానికి అది కుదురుతుందేమో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ అడిగి చూడాలి.

అన్నిటికీ 5జీ పెట్టి డబ్బు తగలేయమని నేను అనను. నీళ్ల మీటరు రోజుకి ఒకట్రెండు సార్లు నాలుగంకెలు పంపితే చాలు, దానికి లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసే లోరా లాంటి చవక రేడియో సరిపోతుంది, ఒక్క బ్యాటరీతో ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఇంకో సంగతి, మనది కొండల ఊరు. కైలాసగిరి మీదో సింహాచలం కొండ మీదో యాంటెన్నా పెడితే చాలా దూరం అందుతుంది, కానీ ఆ కొండే అడ్డమై అవతలి వైపు కాలనీలకి సిగ్నల్ ఆగిపోతుంది కూడా. ఎక్కడో కూర్చుని మ్యాపు మీద గీసిన ప్లాను ఇక్కడ పనికిరాదు, వీధి వీధీ తిరిగి కొలవాల్సిందే.

కాబట్టి జీవీఎంసీని అడిగేది ఇదీ. ఇప్పుడున్న కెమెరాలు, ట్రాఫిక్ సిగ్నళ్లు, నీళ్ల పంపులు ఎవరి నెట్‌వర్క్ మీద నడుస్తున్నాయి, కరెంటు పోతే ఎన్ని గంటలు బతుకుతాయి, పరికరాలు ఒకే కంపెనీవైతే రేపు ఆ కంపెనీ తప్పుకున్నాక బాగుచేసేదెవరు, కెమెరాల్లో పడ్డ మన బొమ్మలు ఎవరెవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఇవన్నీ కొత్త టెండరు పిలవకముందే తెలుగులో జనం ముందు పెట్టండి. బ్యాటరీ గంటల లెక్క మాత్రం వార్డుల వారీగా కావాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం