ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా సహోద్యోగికి అండగా నిలిచిన తెలుగువాళ్లకు కృతజ్ఞతలు

ఎగ్జిబిషన్ పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిన మా బాలానగర్ యూనిట్ సహోద్యోగి బ్యాగు అక్కడి రైల్వే స్టేషన్‌లో ఎవరో కొట్టేశారు. పాస్‌పోర్టు, పర్సు రెండూ అందులోనే. ఇప్పుడాయన క్షేమంగా పిల్లల దగ్గరున్నారంటే అది మీ చలవే. పేర్లు రాయొద్దన్నారు, రాయం. మీరు చేసిన పని మాత్రం వివరంగా రాస్తున్నాం. ఇలాంటి ఇబ్బందిలో పడిన ఇంకెవరికైనా దారి తెలుస్తుంది.

ముందుగా పోలీసుల దగ్గరికి తోడెళ్లిన అక్కకి. పాస్‌పోర్టు నంబరు చేత్తో రాసివ్వకుండా, ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి చూపించారు. జర్మన్లు రాసే 1కి ముందు పొడుగాటి గీత ఉంటుంది, మన కంటికి అది 7లా కనిపిస్తుంది. వాళ్లు 7కి నడుమ అడ్డగీత పెడతారు, మనం పెట్టం. అందుకే మన 7ని వాళ్లు 1గా చదివే ప్రమాదం ఉంది. ఒక అక్షరం, ఏడు అంకెల ఆ నంబరులో ఒక్కటి తప్పినా పోలీసులిచ్చే ఫిర్యాదు కాగితానికీ అక్కడి మన భారత కాన్సులేట్ రికార్డుకీ పొంతన కుదరదు. కాగితం చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో అంకె సరిచూశారు. ఇంకో మాట కూడా చెప్పారు: పోయిందని నమోదైన పాస్‌పోర్టు తర్వాత దొరికినా ప్రయాణానికి పనికిరాదు, కాబట్టి హోటల్ గది, కోటు జేబులు అన్నీ వెతికాకే ఫిర్యాదు రాయించాలి.

కాన్సులేట్ పని దగ్గరుండి చూసింది అక్కడ చదువుకుంటున్న తమ్ముడు. కొత్త పాస్‌పోర్టు కోసం ఆగాలా, ఇంటికి రావడానికి పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకుని వచ్చెయ్యాలా అన్నది ముందు తేల్చాడు. ఆ సర్టిఫికెట్ ఇండియాకి ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది, అక్కణ్ణుంచి వేరే దేశం వెళ్లడం కుదరదు. వీసా ఎలాగూ పాస్‌పోర్టుతోనే పోయింది కాబట్టి మిగతా మీటింగులు వదులుకుని ఇంటికి రావడమే సరైన నిర్ణయం. ఆన్‌లైన్ దరఖాస్తు, పోలీసు కాగితం, పాత పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల కాపీలు, వీసా పేజీ కాపీ, టికెట్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు అన్నీ వరసగా ఒక ఫైల్లో పెట్టాడు. ఫొటో సైజు కాన్సులేట్ సైట్‌లో చూశాకే తీయించాడు. స్టేషన్లలో మెషీన్లు ఇచ్చేది 35×45 మిల్లీమీటర్ల సైజు, అది అన్ని దరఖాస్తులకీ సరిపోదు. టికెట్ కూడా నేరుగా హైదరాబాద్ వచ్చే లుఫ్తాన్సా విమానానికే తీసుకోమన్నాడు. ఈ సర్టిఫికెట్‌తో మధ్యలో విమానం మారాల్సి వస్తే, ఆ దేశం ఒప్పుకుంటుందా లేదా అని ఎయిర్‌లైన్స్ వాళ్లు బోర్డింగ్ దగ్గరే ఆపేయొచ్చు.

హోటల్ ఖర్చు సర్దిన బాబాయ్ గారికి మా దండాలు. జర్మనీలో విదేశీయులు హోటల్లో దిగాలంటే పాస్‌పోర్టు వివరాలు ఇవ్వాలి. అందుకే ఖర్చెక్కువైనా ఉన్న హోటల్ మారొద్దని, అక్కడే గది పొడిగించమని చెప్పి, ఆ డబ్బు తనే కట్టారు. ఇక్కణ్ణుంచి పంపాలంటే బ్యాంకులో ఫారం ఏ2 (విదేశాలకు డబ్బు పంపేందుకు నింపే ఫారం), పాన్, పైగా శని, ఆదివారాలు అడ్డం. పోనీ ఎక్కడైనా క్యాష్ తీసుకుందామన్నా గుర్తింపు కార్డు అడుగుతారు, పోయిందే అది!

ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలన్నది అన్నిటికంటే కష్టమైన పని. దూరాన ఉన్న మనిషి గొంతులో కంగారు వినిపిస్తే ఇక్కడ ఎవరికీ అన్నం సహించదు. అందుకే పోలీసు కాగితం చేతికొచ్చేదాకా ఆగి, ముందు ఆయన భార్యకి మాత్రం చెప్పించారు అక్క: మనిషి క్షేమం, పక్కన ఎవరున్నారు, రేపు ఎక్కడికి వెళ్తారు. ఈ మూడే. అమ్మగారికి ఆవిడే నెమ్మదిగా చెప్పుకున్నారు. పిల్లలతో మాట్లాడటానికి అక్కడి మధ్యాహ్నం రెండున్నర ఖాయం చేశారు. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, ఇక్కడ ఏడవుతుంది, పిల్లలు మెలకువగా ఉంటారు. అక్కడ సాయంత్రం పనయ్యాక చేస్తే ఇక్కడ పదిన్నర దాటిపోతుంది. కూకట్‌పల్లిలో పక్కింటి పిన్నిగారు అల్మరా అంతా వెతికి, పాస్‌పోర్టు కాపీలు నీడ పడకుండా ఫొటో తీసి పంపకపోతే కాన్సులేట్ ఫైలు కదిలేది కాదు. పిన్నిగారూ, మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

విమానం ఎక్కే ముందే సర్టిఫికెట్‌కి, పోలీసు కాగితానికి కాపీలు తీయించిందీ తమ్ముడే. ఇక్కడ పాస్‌పోర్టు రీఇష్యూకి, పాతది పోయిందని రాసిచ్చే అనెక్సర్ ఎఫ్ అఫిడవిట్‌తో పాటు అవే జతచేశాం. బాబాయ్ గారూ, బ్యాంకు వివరాలు అడిగిన ప్రతిసారీ "తర్వాత చూద్దాంలే" అంటున్నారు. దయచేసి ఈ వారంలో పంపండి.