తాతయ్యకు, గడ్డి చామంతి గురించి

తాతయ్యకు నమస్కారాలు.

నేను క్షేమం. మొన్న ఫోనులో మీరు "మన ఆకు పనిచేసిందా?" అని అడిగితే నీళ్లు నమిలాను. అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

చిన్నప్పుడు నా మోకాలు చెక్కుకుపోతే మీరు గడ్డి చామంతి ఆకును అరచేతిలో నలిపి పసరు పిండేవారు. ఆ మంట ఇంకా గుర్తుంది. ఇప్పుడు అదే ఆకును ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారంతో ల్యాబులో పని చేస్తున్నాను. మొక్క అదేనని ముందు రుజువు కావాలి కదా, పూతో సహా ఒక కొమ్మను ఒత్తి ఆరబెట్టి దాచాం. దాని తెల్లరేకు చివర ఎప్పుడైనా చూశారా? మూడు పళ్లుంటాయి. ట్రైడాక్స్ అనే దాని శాస్త్రీయ నామం అందుకే వచ్చిందని కొందరంటారు.

చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీనును తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలను పళ్లెంలో సందు లేకుండా పెంచి, పిపెట్ అనే సన్నని గొట్టం మొనతో నడిమికి ఒక గీత గీస్తాను. అదే గాయం. 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి మర్నాడు సూక్ష్మదర్శినిలో చూస్తే అంచు కణాలు సన్నగా సాగి ఖాళీలోకి పాకుతూ కనిపిస్తాయి. ఎంత చూసినా తనివి తీరదు.

మొదటిసారి సారం మోతాదు ఎక్కువైంది. కణాలు గుండ్రంగా ముడుచుకుని పైకి తేలిపోయాయి. ఆ రోజు అన్నం సహించలేదు. మోతాదు తగ్గించాక గీత త్వరగా పూడినట్టే అనిపించింది. కానీ తాతయ్యా, అది గెలవాలని నాకు ఎంత ఆశ ఉందో మీకు తెలుసు. ఆశ ఉన్న కళ్లతో కొలవకూడదు. అందుకే ఏ పళ్లెంలో సారం ఉందో, ఏ పళ్లెంలో ఉత్త ద్రావకం ఉందో నాకు తెలియకుండా స్నేహితురాలు అంకెలు వేస్తోంది. వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చేయాలి. కణాలు పాకి పూడ్చాయా, సంఖ్య పెరిగి పూడ్చాయా అన్నది కూడా తేల్చాలి.

అంతా తేలినా అది పళ్లెం మాటే. అక్కడ రక్తం లేదు, క్రిములు లేవు. ఆకుకు అంటిన మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండవచ్చు. కాబట్టి దెబ్బ తగిలితే ధారగా నీళ్లతో కడగండి, టీకా సంగతి డాక్టరును అడగండి. పచ్చి పసరు మాత్రం పోయకండి. మీకు షుగరు ఉంది, పాదం మీద చిన్న పుండైనా ఆలస్యం చేయవద్దు.

ఇంకొక మాట. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలను, వ్యాసాలను సాక్ష్యంగా పెట్టి పోరాడితే 1997లో రద్దయింది. రాతలో ఉన్నదే అక్కడ నిలబడింది. మీకు తెలిసినది మీ నోట్లోనే ఉండిపోకూడదు. లేతాకు కోసేవారా, ముదురాకా? పూత రాకముందా, వచ్చాకా? కట్టు ఎన్నాళ్లు ఉంచేవారు? ఎవరికైనా పుండు ముదిరిందా? అదీ దాచకుండా రాయించండి.

మీ మనవరాలు