ఒక ప్రశ్నకి రెండు మోడల్స్

ఒరేయ్ రఘూ,

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని ఆర్థికశాస్త్రంలో ఒక మోడల్ (అంటే కొన్ని ఊహలు పెట్టుకుని వేసే లెక్క), పెరుగుతాయని ఇంకో మోడల్ చెబుతుంటే ఇదేం శాస్త్రంరా అని బాగానే వేసుకున్నావు. కానీ అవి కొట్టుకోవడం లేదురా. చెరొకటీ ఒక షరతు పెట్టి మాట్లాడుతోంది. నువ్వు షరతు వదిలేసి ఫలితం ఒక్కటే చదివావు.

ముందు సంపూర్ణ పోటీ. చుట్టుపక్కల వంద రైసు మిల్లులున్నాయి, కూలి రోజుకి 500 అనుకో. ఏ ఒక్క మిల్లుకీ ఆ రేటుని కదిపే శక్తి లేదు. యంత్రాలు అవే కాబట్టి మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వల్ల వచ్చే అదనం తగ్గుతుంది: ఒక మిల్లులో మొదటి మనిషి వల్ల యజమానికి వచ్చేది 700, రెండో మనిషి వల్ల 600, మూడో మనిషి వల్ల 510, నాలుగో మనిషి వల్ల 420. ముగ్గుర్ని పెట్టుకుంటాడు. కనీస కూలి 550 చేశావంటే మూడో మనిషి గిట్టుబాటు కాడు. ఒక ఉద్యోగం పోయింది.

ఇప్పుడు చుట్టుపక్కల ఒకటే మిల్లు. పని కొనేవాడు ఒక్కడే ఉండే ఈ పరిస్థితినే మోనాప్సనీ అంటారు. 1933లో ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ పుస్తకంతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. మొదటి మనిషి 300కి వస్తాడు. ఆపైన ఒక్కొక్కరు రావాలంటే రేటు 50 పెంచాలి, ఆ పెంపు పాతవాళ్లకీ ఇవ్వాలి. లెక్క తేలిక్కోసం ప్రతి మనిషి వల్లా 590 వస్తుందనుకుందాం. మొత్తం కూలి ఖర్చు ఇద్దరికి 700, ముగ్గురికి 1200, నలుగురికి 1800. అంటే నాలుగో మనిషికి అసలు ఖర్చు 450 కాదు, 600. కాబట్టి 400 రేటు దగ్గర ముగ్గురితో ఆపేస్తాడు. ప్రభుత్వం 500 కనీసం అంది. ఆ రేటుకి అయిదుగురు వస్తారు, కొత్తవాడి కోసం పాతవాళ్లకి పెంచే బాధ లేదు, ఒక్కొక్కరికి 500 పెట్టి 590 రాబట్టుకుంటాడు. ముగ్గురు అయిదుగురయ్యారు. అదే కనీసం 600 చెయ్యి, ఒక్కరూ మిగలరు. కాబట్టి ఇది కూలీల పక్షం మోడల్, అది యజమానుల పక్షం మోడల్ అనేవాళ్ల మాట పట్టించుకోకు.

రెండింట్లోనూ అబద్ధాలు బోలెడు. మనుషులందరి పనితనం ఒకటేనట, ఓవర్‌టైమ్ లేదట, యజమానికి అన్నీ తెలుసట. కొందరు కాస్త చురుకైనవాళ్లు అనుకుంటే అంకెలు మారతాయి, దిశ మామూలుగా మారదు. కానీ "కూలి రేటు మిల్లు చేతిలో ఉందా, లేదా" అన్నది మార్చావంటే జవాబే తిరగబడుతుంది. ఏ ఊహ కదిపితే జవాబు తిరగబడుతుందో వెతకడమే అసలు పని. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953 వ్యాసంలో ఊహలు వాస్తవంగా ఉండనక్కర్లేదు, అంచనా ఫలిస్తే చాలన్నాడు. అంచనా తప్పినప్పుడు ఏ ఊహని మార్చాలో ఆ సలహా చెప్పదు, నాకు నచ్చనిది అక్కడే. జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1966లో రాసింది ఇంతకంటే పనికొస్తుంది: విస్తృతి, వాస్తవికత, కచ్చితత్వం మూడూ ఒకే మోడల్‌లో పూర్తిగా దొరకవు, అందుకే చాలా మోడల్స్ పెట్టుకోవాలి.

మరి ఏది ఎక్కడ? మోనాప్సనీ ఉన్నచోట ఉన్న రేటుకే ఇంకో మనిషి కావాలని యజమాని అంటూనే ఉంటాడు, రేటు మాత్రం పెంచడు. పక్కచోట నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా కూలీలు గబగబా వెళ్లలేరు. పోటీ ఉన్నచోట కొంచెం తగ్గించినా మిల్లు ఖాళీ అయిపోతుంది. సరుకు ధర కూడా చూడు. మనుషులు పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది, ధర పెరగకూడదు. మనుషులు తగ్గితే ధర పెరగాలి.

ఇక్కడే అమెరికా కథ రసవత్తరంగా ఉంటుంది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లని పెంపుకి ముందూ తర్వాతా సర్వే చేసి, 1994లో ఫలితాలు అచ్చువేశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. హమ్మయ్య, మోనాప్సనీయే అనుకునేలోపు ఇంకో సంగతి: న్యూజెర్సీలో భోజనం ధరలు పెన్సిల్వేనియాతో పోలిస్తే పెరిగాయి. ఉద్యోగాల లెక్క రెండో మోడల్‌కి దగ్గర, ధరల లెక్క మొదటిదానికి దగ్గర. తర్వాత న్యూమార్క్, వాషర్ అనే ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు జీతాల రికార్డులతో వేరే ఫలితం చూపించారు, ఆ వాదన చాలాకాలం సాగింది. ఒకటే మోడల్ పట్టుకుని ఉంటే ధరల దగ్గర ఏదో తేడా ఉందని తెలిసేదే కాదు.

జనం ఎక్కువగా బోల్తా పడేది సగటు తీసే దగ్గర. ఒకటి పోతుందని ఒక మోడల్, రెండు పెరుగుతాయని ఇంకోటి అంటే "అర ఉద్యోగం పెరుగుతుంది" అనడం ఏ ఊరికీ సరిపోని జవాబు. రెండోది, ఫలితం చూశాక దానికి సరిపోయే మోడల్ ఎంచుకోవడం. అప్పుడు ఏ ఫలితమొచ్చినా సిద్ధాంతం నెగ్గుతుంది. అందుకే డేటా తెరవకముందే ఏ గుర్తు కనిపిస్తే ఏ మోడలో కాగితం మీద రాసిపెట్టుకో. ఇంకోటి కాస్త మోసకారి. నాలుగు మోడల్స్ ఒకేమాట చెబితే నమ్మకం పెరగాలి, నిజమే, కానీ నాలుగూ ఒకే దాచిన ఊహని పంచుకుంటే ఆ ఏకాభిప్రాయానికి విలువ లేదు. మన రెండు మోడల్స్ చూడు, పనిగంటలు మారవని రెండూ అనుకున్నాయి. మనిషిని తీసెయ్యకుండా గంటలు కోసే యజమాని రెండింటికీ కనపడడు.

నీ జిల్లా లెక్క పంపు: మిల్లులెన్ని, ఎంత దూరంలో, మనుషులు మానేసే వేగం ఎంత, గంటలు ఎవరు రాస్తారు. అవి చూశాక ఏ మోడల్‌తో మొదలుపెట్టాలో తేలుద్దాం.

నీ
సూరి