లాగిన్ ఫారం ఎక్కడ పెట్టాలి?

సంపాదకుల వారికి,

విజయవాడ, గుంటూరు కాలేజీలు, చిట్ కంపెనీలు చాలా వరకు వెబ్‌సైట్ మొదటి పేజీలోనే ఎడమన నోటీసులు, కుడిన లాగిన్ ఫారం పెట్టించుకుంటున్నాయి. కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది. ఫోన్‌లో మాత్రం ఫారం నోటీసులన్నిటి కిందకు దిగిపోతుంది. ఫీజు కట్టాలనుకున్న తండ్రి దాన్ని వెతుక్కోలేక కాలేజీకే ఫోన్ చేస్తాడు.

కోడ్‌లో ఫారంను నోటీసుల కంటే ముందు రాసి, వెడల్పు తెరపై గ్రిడ్‌తో (పేజీని వరుసలు, నిలువు భాగాలుగా అమర్చే పద్ధతి) కుడివైపుకు చేర్చాలి. చివర రాసి, ఫోన్‌లో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్)లోని 'ఆర్డర్'తో పైకి లాగితే కంటికి సరిపోతుంది గానీ, తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివారికి అది చివరనే ఉంటుంది. గడుల్లో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే గడిని తాకగానే ఐఫోన్ పేజీని పెద్దది చేస్తుంది, పక్క భాగం తెర దాటిపోతుంది. 'హాల్‌టికెట్ నంబరు' అన్న మాట గడి లోపల కాక పైన ఉండాలి. లోపలిది టైపు చేయగానే మాయమవుతుంది. పేజీ తెరవగానే కర్సర్ ఫారంలోకి దూకే ఏర్పాటు అసలే వద్దు, నోటీసు చదవడానికి వచ్చినవారికి అది అడ్డం.

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. అదే పేజీలో బయటివారి ప్రకటనల స్క్రిప్టో (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రామ్), సందర్శకుల కౌంటరో నేరుగా చేర్చి ఉంటే, పాస్‌వర్డ్ గడిలో కొట్టే ప్రతి అక్షరాన్నీ అది చదవగలదు. సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ కూడా దీన్ని ఆపలేదు. డబ్బు లావాదేవీలున్న సైట్లు మొదటి పేజీలో 'లాగిన్' బటన్ మాత్రమే ఉంచి, ఫారంను బయటి స్క్రిప్టులేవీ లేని వేరే పేజీలో పెట్టాలి.

— కొందరు వెబ్ డెవలపర్లు, బ్రాడీపేట, గుంటూరు